బెల్టు సరే, హుక్ దేనికి తగిలించారు?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఫ్యాక్టరీ షెడ్ల కప్పు పని చేసే బృందానికి మూడు నెలల కిందట సూపర్‌వైజర్‌ని అయ్యాను. మొత్తం 14 మందిమి. పోయిన వారం ఒకతను ట్రస్ (కప్పును మోసే ఉక్కు చట్రం) మీద నడుస్తూ కాలు జారి పడ్డాడు. ఒంటికి తొడుక్కున్న బెల్టు (హార్నెస్) ఆపింది. పావుగంట గాల్లో వేలాడాక నిచ్చెన తెచ్చి దించాం. కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు కానీ దెబ్బలేమీ తగల్లేదు. అతని బెల్టు, దానికి కట్టే హుక్ తాడు లాన్‌యార్డ్ తీసి పక్కన పెట్టాం. ఆ హుక్ తగిలించడానికి ట్రస్‌కు చుట్టే పట్టీ, అంటే యాంకర్ స్లింగ్, మాత్రం కొత్తదానిలాగే ఉంది, మళ్లీ వాడుకోవచ్చని స్టోర్ ఆయన అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి స్లింగ్‌లు మా దగ్గర 20 దాకా, హుక్ వేయడానికి బీమ్‌కు బిగించే క్లాంపులు 6 ఉన్నాయి. ఏవి పనికొస్తాయో ఎలా చూడాలి? మురికి పట్టినవి ఉతకొచ్చా? కప్పు మీద ఒక వైర్ రోప్ బిగించి నలుగురూ దానికే తగిలించుకుంటారు, అది సరైనదేనా? ఇంకో సంగతి. మా సీనియర్ మేస్త్రి స్లింగ్ వాడడు. దగ్గర్లో ఏ పైపు ఉంటే దానికి హుక్ తగిలిస్తాడు. చెబితే "30 ఏళ్లుగా ఇలాగే చేస్తున్నా, నా బరువు ఆపితే చాలదా" అంటాడు. నాకన్నా చాలా పెద్దవాడు. ఏమని చెప్పను?

సమాధానం: ముందు ఆ స్లింగ్ సంగతి తేల్చేద్దాం. మళ్లీ వాడొద్దు. స్టోర్ ఆయన అన్నట్టు చూడ్డానికి అది కొత్తదానిలాగే ఉండొచ్చు. కానీ మనిషి పడ్డప్పుడు లాన్‌యార్డ్ మీద ఎంత లాగు పడిందో స్లింగ్ మీదా అంతే పడింది. బెల్టునీ లాన్‌యార్డ్‌నీ తీసేసి స్లింగ్‌ని ఉంచుకోవడంలో అర్థం లేదు. పట్టీ పోగులు ఒకసారి సాగి ఉంటాయి. ఉక్కు అంచు మీద నలిగిన చోట లోపలి పోగులు కొన్ని తెగి ఉండొచ్చు, అవి పైకి కనబడవు. సైటు మీద దాన్ని పరీక్షించి తేల్చే దారి కూడా లేదు. బరువు కట్టి లాగి చూద్దామంటే, ఆ లాగడంలోనే అది ఇంకాస్త పాడవుతుంది.

అలాగని ఇవాళే కోసి పారేయకండి. "వాడరాదు" అని ట్యాగు కట్టి, బెల్టు, లాన్‌యార్డ్‌తో పాటు తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ప్రమాదం మీద విచారణ జరిగితే చూపించాల్సింది వాటినే. ఆ పని ముగిశాక ముక్కలుగా కోసి పారేయండి. కోయకుండా చెత్తలో వేస్తే మాత్రం అది తిరిగొస్తుంది. నేను పనికిరాదని పక్కన పడేసిన స్లింగ్ ఒకటి నెల తిరక్కుండానే వేరే బ్యాచ్ కుర్రాడి భుజాన కనబడింది. అడిగితే "బాగానే ఉంది కదా సార్, ఎందుకు పారేశారో" అన్నాడు. ఆ రోజు నుంచి నా సంచిలో కత్తి లేకుండా స్టోర్‌లోకి వెళ్లింది లేదు.

ఆ స్లింగ్ చుట్టిన ట్రస్ భాగాన్ని కూడా ఒకసారి చూపించండి. అక్కడి వెల్డింగులు, బోల్టులు, యాంగిల్ ఏమైనా వంగిందా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సరేనన్నాకే మళ్లీ అక్కడ ఎవరైనా తగిలించుకోవాలి.

ఇప్పుడు మీ మేస్త్రి దగ్గరికి వద్దాం. ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే చాలామంది మనసులో ఉండేదే ఆయన పైకి అన్నాడు. బరువు ఆపితే చాలదా? చాలదు. మీరే లెక్క వేసి ఆయనకు చూపించండి. మనిషి, ఒంటి మీది పనిముట్లు కలిపి 100 కిలోలనుకుందాం. ఊరికే వేలాడితే పైపు మీద పడేది ఆ 100 కిలోలే. ఇంజినీర్ల భాషలో అది సుమారు 1 కిలోన్యూటన్. అదే మనిషి 1.8 మీటర్లు పడి, సాగని తాడు మీద 10 సెంటీమీటర్ల దూరంలోనే ఆగిపోయాడనుకోండి. పడిన దూరాన్ని ఆగిన దూరంతో భాగిస్తే 18 వస్తుంది, దానికి ఒకటి కలపాలి. అంటే పైపు మీద పడే లాగు ఆయన బరువుకు 19 రెట్లు, దాదాపు 1,900 కిలోలు. ఒంటి మీదా అంతే పడుతుంది. ఆ దెబ్బకు వెన్నెముక నిలవదు. అందుకే లాన్‌యార్డ్‌లో షాక్ అబ్జార్బర్ పెడతారు. దాని లోపలి మడతలు ఒక్కొక్కటిగా చినుగుతూ, ఆగే దూరాన్ని మీటరుకు పైగా సాగదీసి, లాగు తగ్గిస్తాయి. యూరప్ ప్రమాణాల ప్రకారం ఆ లాగు 6 కిలోన్యూటన్లు దాటకూడదు. అంత తగ్గించినా సుమారు 600 కిలోలు మిగిలింది చూడండి. కాలు జారిన క్షణంలో ఆ పైపు మీద ఆరుగురు మనుషులు ఒక్కసారిగా వేలాడినట్టు.

యాంకర్‌కు, అంటే హుక్ తగిలించే చోటుకు, ఇంతకన్నా చాలా ఎక్కువ బలం ఉండాలని నిబంధనలు పెట్టింది అందుకే. అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే సంస్థ ఓషా నిబంధనల ప్రకారం, ఒక మనిషి తగిలించుకునే యాంకర్ 22.2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,270 కిలోల లాగు తట్టుకోవాలి. అలా లేకపోతే అర్హత ఉన్న వ్యక్తి లెక్క కట్టి, రావాల్సిన లాగుకు రెట్టింపు బలంతో మొత్తం వ్యవస్థని డిజైన్ చేయాలి. యూరప్‌లో ఈఎన్ 795 ప్రమాణం కింద యాంకర్ పరికరాలను 12 కిలోన్యూటన్లతో, పట్టీ లాంటి లోహం కాని భాగాలుంటే 18 కిలోన్యూటన్లతో, మూడు నిమిషాల పాటు లాగి పరీక్షిస్తారు. మరి అంచున కట్టే హ్యాండ్‌రైల్ (గార్డ్‌రైల్) సంగతి? అదే ఓషా నిబంధనల్లో హ్యాండ్‌రైల్ పైకడ్డీ తట్టుకోవాల్సింది 200 పౌండ్లు, అంటే 90 కిలోలు. ఆనుకున్న మనిషిని ఆపడానికి పెట్టింది అది. పడ్డ మనిషిని ఆపడానికి కావాల్సింది దానికి 25 రెట్లు. హ్యాండ్‌రైల్‌కు హుక్ తగిలించొద్దని ఆ నిబంధనల్లోనే విడిగా రాసి ఉంది.

ఇక కేబుల్ ట్రే, కరెంటు కండ్యూట్, నీళ్ల పైపు, ఏసీ డక్టును వేలాడదీసిన కడ్డీ, పరంజా అడ్డపైపు, నిచ్చెన మెట్టు, ఇవేవీ పడ్డ మనిషిని ఆపడానికి పెట్టినవి కావు. చేత్తో లాగితే గట్టిగానే ఉంటాయి, మోసమంతా అక్కడే. నేను పనిలో చేరిన కొత్తలో కేబుల్ ట్రేకి తగిలించుకుని పని చేస్తుంటే మా ఫోర్‌మన్ చూశాడు. ఒక్క మాటా అనలేదు. కిందికి దించి, పక్కనే మిగిలిన ట్రే ముక్క నా చేతికిచ్చి, రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో ఎక్కి నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఊరికే నిలబడితేనే అది కుంగింది. ఆ తర్వాత నాకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు.

మీ మేస్త్రికి మీరు పాఠం చెప్పబోతే వినడు, వినకపోవడం సహజం. 30 ఏళ్లు ఆయనకేమీ కాలేదంటే ఆ పైపులు గట్టివని కాదు, ఆయన కాలు జారలేదని. ఆ పైపులకు ఇంతవరకు పరీక్షే రాలేదు. కానీ ఈ మాట ఆయన ముఖం మీద అనకండి. ఆయనకు స్ట్రక్చర్ తెలుసు, ఏ మెంబర్ (చట్రంలోని ఉక్కు కమ్మీ) ఎక్కడ అతుకుతుందో, ఎక్కడ వెల్డింగ్ సగంలో వదిలేశారో తెలుసు. పని మొదలయ్యే ముందు ఇంజినీరుతో పాటు ఆయన్నీ తీసుకెళ్లి "ఎక్కడెక్కడ తగిలించొచ్చో మీరు చూపించండి, ఇంజినీరు గారు లెక్క చూస్తారు" అనండి. ఇంజినీరు ఒప్పుకున్న చోట్లకు ఒక రంగు పెయింటు వేయించండి, ఆ డబ్బా ఆయన చేతికే ఇవ్వండి. ఆ మర్నాటి నుంచి రంగు లేని చోట ఎవడైనా హుక్ వేస్తే ముందు అరిచేది ఆయనే. నేను ఇద్దరు మేస్త్రుల దగ్గర ఇలా చేశాను. ఒకరి దగ్గర ఫలించింది. రెండో ఆయన రంగు వేశాడు కానీ తను మాత్రం పైపుకే తగిలించేవాడు. ఆయన్ని కింద పనికి మార్చాల్సి వచ్చింది. పెద్దవాడని మొహమాటపడి ఊరుకోవడం మాత్రం కుదరదు.

పైగా మీవాళ్లు తగిలించే ఎత్తు కూడా చూడండి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ట్రస్ మీద నడిచేవాళ్లు చాలామంది కాళ్ల దగ్గరి మెంబర్‌కే హుక్ వేస్తారు, వంగితే అందేది అదే కాబట్టి. బెల్టు వీపు మీది డీ రింగ్ (లాన్‌యార్డ్ కట్టే కడియం) పాదాలకు సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లాన్‌యార్డ్ 2 మీటర్లు. కాళ్ల దగ్గర తగిలిస్తే, లాన్‌యార్డ్ బిగుసుకునే లోపే మనిషి 3.5 మీటర్లు పడిపోతాడు. అప్పటికి వేగం గంటకు 30 కిలోమీటర్ల దాకా వస్తుంది. అదే తలకు పైన, డీ రింగ్‌కు మీటరున్నర ఎత్తులో తగిలిస్తే పడేది అర మీటరే. ఎంత ఫ్రీ ఫాల్ (తాడు బిగుసుకునే లోపు పడే దూరం) దాకా తట్టుకుంటుందో చాలా లాన్‌యార్డ్‌ల లేబుల్ మీదే ఉంటుంది. కాళ్ల దగ్గర వాడటానికి తయారు చేయని లాన్‌యార్డ్‌ని అక్కడ వాడితే అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకుపోయి, ఆ తర్వాత మిగిలిన లాగంతా నేరుగా మనిషి మీదా యాంకర్ మీదా పడుతుంది.

కింద ఎంత ఖాళీ ఉండాలన్నదీ ఈ లెక్కతోనే వస్తుంది. యాంకర్ నుంచి కిందికి కొలవండి. లాన్‌యార్డ్ 2 మీటర్లు, అబ్జార్బర్ విచ్చుకోవడానికి 1.75, డీ రింగ్ నుంచి పాదాల దాకా 1.5, చేతిలో ఉండాల్సిన ఖాళీ 1 మీటరు, కలిపితే 6.25 మీటర్లు. యాంకర్ స్లింగ్ బీమ్‌కు చుట్టాక అర మీటరు కిందికి వేలాడుతుంటే అదీ కలపాలి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. 5 మీటర్ల ఎత్తులో కాళ్ల దగ్గర తగిలించుకున్నవాడికి బెల్టు ఉన్నా లేనట్టే, అది పూర్తిగా ఆపే లోపే నేల తగులుతుంది. అలాంటి తక్కువ ఎత్తుల్లో నేను వేరే దారి చూస్తాను. తాడు పొడవు తగ్గించి, మనిషి అంచు దాకా పోలేకుండా కట్టేస్తాను. అప్పుడు పడటమనేదే ఉండదు. వీలున్న ప్రతి చోటా మొదట ఆలోచించాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

యాంకర్ నెత్తి మీద ఉన్నా, మనిషి పక్కకు జరుగుతూ పోతే ఇంకో ప్రమాదం. పడితే లోలకంలా ఊగి పక్కనున్న కాలమ్‌కో గోడకో గుద్దుకుంటాడు. ఆ దెబ్బ నేల మీద పడ్డ దెబ్బకేమీ తీసిపోదు. యాంకర్ నుంచి నిట్టనిలువు గీతకు 30 డిగ్రీలు దాటి పోవద్దని ఒక గుర్తు పెట్టుకోండి. దాటాల్సి వస్తే యాంకర్ మార్చుకోవాలి. రెండు కొక్కేల లాన్‌యార్డ్ ఇచ్చేది ఇందుకే, ఒకటి తగిలించాకే రెండోది విప్పడానికి.

ఇక ఆ వైర్ రోప్. ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. బిగించి కట్టారన్నారు, నలుగురు తగిలించుకుంటారన్నారు. అడ్డంగా కట్టిన తాడు ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిదని అందరూ అనుకుంటారు. లెక్క చూస్తే తిరగబడుతుంది. 10 మీటర్ల దూరంలో రెండు చివర్లు కట్టారనుకోండి. మధ్యలో మనిషి పడ్డాడు, అబ్జార్బర్ లాగుని 6 కిలోన్యూటన్లకు తగ్గించింది, ఆ క్షణంలో తాడు మధ్యలో అర మీటరే కుంగింది. అప్పుడు ఒక్కో చివర పడే లాగు ఆ 6కు దాదాపు ఐదు రెట్లు, 30 కిలోన్యూటన్లు. అంటే మూడు టన్నులు. తాడు ఎంత కుంగగలిగితే చివర్ల మీద అంత తగ్గుతుంది, కానీ అప్పుడు మనిషి కిందికి పోయే దూరం పెరుగుతుంది. ఈ రెండిటి మధ్య లెక్క కుదర్చడం మనం సైటు మీద టర్న్‌బకిల్ (తాడు బిగించే మర) తిప్పి చేసే పని కాదు. ఇలాంటి అడ్డం తాడును (లైఫ్‌లైన్‌ను) అర్హత ఉన్న ఇంజినీరు డిజైన్ చేయాలి. ఎంతమంది తగిలించుకోవచ్చో, మధ్యలో ఎక్కడెక్కడ సపోర్టు కావాలో, చివర అబ్జార్బర్ ఉండాలో లేదో ఆయనే రాసివ్వాలి. ఆ కాగితం వచ్చేదాకా మీ రోప్‌ను వాడటం ఆపేయండి. ఒకడు పడితే ఆ కుదుపుకు మిగతా ముగ్గురు కూడా జారవచ్చు, అప్పుడు లెక్క ఇంకా మారిపోతుంది.

స్లింగ్ చుట్టే తీరు గురించి కొంచెం. పొడవు ఎక్కువైందని స్లింగ్‌కు ముడి వేయడం చూస్తుంటాను. ముడి పడ్డ చోట పట్టీ బలం సగానికి పడిపోవచ్చు. పొడవు ఎక్కువైతే బీమ్ చుట్టూ ఇంకో చుట్టు తిప్పండి, లేకపోతే పొట్టి స్లింగ్ తెచ్చుకోండి. పెద్ద డీ, చిన్న డీ ఉన్న స్లింగ్ అయితే చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి దూర్చి బిగించి, హుక్ చిన్నదానికే వేయాలి. కొన్నిటికి లోపలి వైపు మందపాటి అదనపు పట్టీ కుట్టి ఉంటుంది. అది ఉక్కుకు ఆనేలా చుట్టాలి, చాలామంది తిరగేసి చుడతారు. బీమ్ ఫ్లాంజి (బీమ్‌కు అడ్డంగా ఉండే పలక) అంచు పదునుగా ఉంటే ప్యాడ్ పెట్టండి. అంచు మరీ పదునైతే, వేడి ఉంటే, పక్కన వెల్డింగ్ జరుగుతుంటే పట్టీ స్లింగ్ మానేసి వైర్ రోప్ స్లింగ్ వాడండి. సన్నగా తేలిగ్గా ఉండే డైనీమా రకం స్లింగ్‌లు ఉంటాయి కదా, అవి సుమారు 145 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. వెల్డింగ్ రవ్వ ముందు అదెంత! లాన్‌యార్డ్ హుక్‌ను తెచ్చి తిరిగి అదే లాన్‌యార్డ్ తాడుకే వేయడం కూడా మాన్పించండి, అందుకోసమని తయారు చేసిన లాన్‌యార్డ్ అయితే తప్ప.

ఇప్పుడు ఆ 20 స్లింగ్‌లు. వెలుతురున్న చోట బల్ల వేసుకుని కూర్చోండి. గ్లోవ్స్ తీసేయండి, కంటికి దొరకనిది వేలికి దొరుకుతుంది. మొదట లేబుల్ చూడండి. సీరియల్ నంబరు, తయారీ తేదీ, ప్రమాణం, ఎంతమందికి అన్నది చదవగలగాలి. లేబుల్ చెరిగిపోతే ఆ స్లింగ్ ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి, దాని వయసూ బలమూ ఎవరికీ తెలియదు కాబట్టి.

తర్వాత పట్టీని రెండు చేతులతో ఒక జానెడు దూరంలో పట్టుకుని, తిరగేసిన యూ ఆకారంలో వంచండి. పైకి తిరిగిన వైపు పోగులు విచ్చుకుంటాయి. కోతలు, తెగిన పోగులు, ఊడిన కుట్లు అప్పుడే బయటపడతాయి. ఒక జానెడు జరపండి, మళ్లీ వంచండి. మొత్తం పొడవంతా ఒక వైపు అయ్యాక తిప్పి రెండో వైపు. అంచులను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి లాగుతూ పొండి, చిన్న గాటు ఉన్నా గోటికి తగులుతుంది. ఒక చోట పట్టీ బిరుసుగా, కర్రలా తగిలితే ఆగండి. రసాయనమో వేడో పెయింటో తగిలిన చోటది. గట్టిపడి మెరిసే చిన్న చుక్కలు కనబడితే అవి వెల్డింగ్ రవ్వలు. రంగు బాగా వెలిసి, ఉపరితలం నూగు లేచి, గోకితే పొడి రాలితే ఎండకు చచ్చిన పట్టీ. కుట్ల దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు చూడండి. చాలా స్లింగ్‌లలో కుట్టు దారం వేరే రంగులో ఉండేది తెగితే కనబడాలనే. కొన్నిటిలో అరుగుదల చూపే రంగు పోగు లోపల నేసి ఉంటుంది. అది బయటపడితే పని అయిపోయినట్టే. డీ రింగ్‌ను వేలితో చుట్టూ తడమండి. వంపు, పగులు, తుప్పు గుంట, పదునెక్కిన అంచు ఉంటే తీసేయండి.

అనుమానం వస్తే ఏం చేయాలి? అనుమానమే జవాబు, పక్కన పెట్టండి. ఒకసారి పైకి ఏ దోషమూ కనబడని పాత స్లింగ్ ఒకటి, వంచితే సన్నగా గరగరమన్న చప్పుడొస్తుందని పక్కన పెట్టాను. తర్వాత దాన్ని నిలువునా కోసి చూస్తే పోగుల మధ్య గ్రైండింగ్ పొడి, ఉక్కు రవ్వలు మిలమిలా మెరుస్తున్నాయి. లాగిన ప్రతిసారీ ఆ రవ్వలు పోగులను లోపలి నుంచి కోస్తూ వచ్చాయి.

వైర్ రోప్ స్లింగ్ అయితే చేతికి గ్లోవ్స్ వేసుకుని, పాత గుడ్డ చుట్టి పొడవునా లాగండి. తెగిన తీగ ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. తీగలు విడిపోయి పంజరంలా ఉబ్బినా, మెలి పడినా, ఫెరూల్ (తాడు చివర నొక్కిన లోహపు గొట్టం) దగ్గర తుప్పు ఉన్నా పనికిరాదు. బీమ్ క్లాంపుల్లో రెండు దవడలూ ఫ్లాంజిని పూర్తిగా పట్టాలి, లాక్ పిన్ను టక్కుమని పడాలి, రెండు వైపులా ఖాళీ సమానంగా ఉండాలి. బీమ్ మీద జరిగే రకమైతే బీమ్ చివర ఆగడానికి స్టాపర్ ఉందో చూడండి, లేకపోతే మనిషితో పాటు క్లాంపు కూడా బీమ్ దాటి పోతుంది. కాంక్రీటులో దించే బోల్టు యాంకర్ల జోలికి మీరు పోవడం లేదు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. బరువులు ఎత్తడానికి పెట్టిన ఐబోల్టు (తలకు కడియం ఉన్న బోల్టు) కనబడితే దానికి మాత్రం హుక్ వేయనివ్వకండి. అది నేరుగా లాగడానికి పెట్టింది, పక్కకు లాగితే వంగిపోతుంది.

ఉతకొచ్చా అన్నారు. ఉతకొచ్చు, ఉతకాలి కూడా. మురికి కింద కోత దాక్కుంటుంది. తయారీదారు కాగితం మీద ఉన్నదే మొదటి మాట. మామూలుగా అయితే 40 డిగ్రీలు మించని గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బుతో, మెత్తని బ్రష్‌తో రుద్ది, సబ్బు పూర్తిగా పోయేదాకా మంచినీళ్లలో జాడించి, నీడలో గాలికి వేలాడదీయండి. బ్లీచింగ్ వద్దు, వాషింగ్ మెషీన్ వద్దు, ఎండలో కాలిన రేకు మీద ఆరేయడం అస్సలు వద్దు. పెయింటు మరక పోవాలని థిన్నర్ పోస్తే మరకతో పాటు స్లింగ్ కూడా పోయినట్టే. పేర్లు, నంబర్లు పట్టీ మీద మార్కర్‌తో రాయనివ్వకండి. ఆ సిరాలోని ద్రావకం పోగులకు మంచిది కాదు. రాయాల్సింది లేబుల్ మీదే, లేకపోతే విడిగా ట్యాగు కట్టండి.

ఆరాక వాటిని ఎక్కడ పెడుతున్నారు? గోనెసంచిలో బోల్టులు, ఎలక్ట్రోడ్లతో కలిపి కుక్కేస్తుంటే ఇప్పటిదాకా చెప్పిందంతా వృథా. స్టోర్‌లో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే మూల ఉంటుంది చూడండి, అక్కడికి మాత్రం రానివ్వకండి. ఆమ్లం నైలాన్ పోగుని తినేస్తుంది. పాలిస్టర్ ఆమ్లానికి కాస్త ఓర్చుకుంటుంది కానీ ఘాటైన క్షారాలకు ఓర్చదు. పచ్చి సిమెంటు క్షారమేనని గుర్తుంచుకోండి. ఎండ, తడి, నూనె తగలని చోట మేకులు కొట్టి విడివిడిగా వేలాడదీయండి. ఎలుకలు తిరిగే స్టోర్ అయితే మూత ఉన్న పెట్టెలు మేలు. నవ్వకండి, ఎలుక కొరికిన స్లింగ్‌లు నేనే నాలుగు తీసేశాను.

వాడే ప్రతిసారీ వాడేవాడు చూసుకోవాలి. ఏడాదికి ఒకసారి, పని మోటుదైతే ఇంకా తరచుగా, ఆ పనిలో శిక్షణ ఉన్న వేరే మనిషి చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. సీరియల్ నంబరు, మొదటిసారి వాడిన తేదీ, చూసిన తేదీ, ఏం కనబడింది, అంతే. రెండు మూడు స్లింగ్‌లకు మొదటి వాడకం తేదీ ఎవరికీ గుర్తు లేదనిపిస్తే తయారీ తేదీ నుంచే లెక్క పెట్టుకోండి. గడువు ఎంతన్నది తయారీదారు రాసి ఉంటాడు.

చివరిది. మీ మనిషి పావుగంట వేలాడాడన్నారు, నిచ్చెన తెచ్చి దించామన్నారు. నిచ్చెన వెతకడానికే ఎంతసేపు పట్టింది? బెల్టులో కదలకుండా నిలువునా వేలాడితే తొడల దగ్గర పట్టీలు నొక్కి, రక్తం కాళ్లలో నిలిచిపోయి, గుండెకూ మెదడుకూ అందేది తగ్గిపోతుంది. కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. తిమ్మిరిని తేలిగ్గా తీసుకోవద్దు. అతన్ని డాక్టరుకు చూపించకపోతే ఇవాళే చూపించండి. ప్రతి బెల్టుకూ పాదం పెట్టి నిలబడేందుకు వీలుగా సస్పెన్షన్ రిలీఫ్ పట్టీలు తెప్పించండి. వేలాడుతున్నవాడు కాళ్లు ఆడిస్తూ ఉండాలని అందరికీ చెప్పండి. ఇక రేపు పైకి ఎవరినైనా ఎక్కించే ముందు ఒక ట్రస్ చివర ఇసుక బస్తా వేలాడదీసి, గడియారం చూస్తూ, దాన్ని కిందికి దించమని మీవాళ్లకే చెప్పండి. ఎంతసేపు పట్టిందో నాకు రాయండి.